పెంచి విడిచిన ప్రాణులు

2025 జూన్ నెలలో, వేసవి సెలవుల తరువాత మా పాఠశాల తెరచిన రెండవ వారమున, ద్వారము వెలుపల గోధుమవన్నె కుక్క యొకటి కనిపించెను. మెడకు ఎఱ్ఱని పట్టీ యుండెను, గొలుసు లేదు. చెన్నపట్టణపు వీధులలో కుక్క కనబడుట వింత కాదు గనుక మొదటి దినమున మేమెవ్వరమును దానిని గూర్చి తలపోయలేదు. కావలివాడు తమిళుడు. అతడు ఒక బిస్కత్తు చూపి "ఇంగే వా" అని పిలిచెను. "ఉక్కారు" అని ఆజ్ఞాపించెను. కుక్క అతని ముఖమువంక చూచి ఊరకుండెను. మూడవ దినమున భోజన విరామ సమయమందు నాలుగవ తరగతి బాలుడొకడు పెరుగన్నపు డబ్బా చేతబట్టుకొని దాని యెదుట నిలిచి "కూర్చో" అనెను. తక్షణమే అది కూర్చుండెను. "చెయ్యివ్వు" అనగా ముందుకాలెత్తి వాని అరచేతిలో పెట్టెను.

పిల్లలు చప్పట్లు చరచిరి. మాకు మాత్రము సిగ్గు కలిగెను. ఏలయన, తెలుగు తెలిసిన కుక్క తెలుగువారి ఇంట పెరిగిన కుక్క. మా పాఠశాల చుట్టుపట్ల తెలుగు మాటలాడు ఇండ్లు వేళ్లమీద లెక్కింపదగినన్ని. ఎవరి ఇంటినుండి వచ్చినదో మేము విచారింపలేదు. ఈ వ్యాసము కూడ ఆ ఇంటివారిని వెదకి నిందించుటకు వ్రాయుచున్నది కాదు. అట్టి సంకటము ఏ ఇంటికైనను రాగలదు. అది రాకమునుపే తలిదండ్రులు ఆలోచింపవలసిన సంగతులు కొన్ని కలవని మాత్రమే మా మనవి.

వీధికుక్క యనగానే మనము దానిని కాకి, ఉడుత వలె ఊరితోపాటు పుట్టిన ప్రాణిగా భావింతుము. అది కొంతవరకు నిజమే. తరతరములుగా వీధిలోనే పుట్టి, వీధిలోనే బ్రతుకు నేర్చిన కుక్కలు గలవు. వానికి గుంపున్నది, ఎల్లలున్నవి; ఏ టీ బంకు దగ్గర ఏ వేళకు రొట్టెముక్క దొరకునో, ఏ బండి వచ్చునప్పుడు తొలగవలెనో అవి యెఱుగును. కాని ఇంటిలో పెరిగి వీధిపాలైన కుక్క మాట వేరు. గిన్నెలో పెట్టిన అన్నము తప్ప వేఱు ఆహారము దానికి తెలియదు. ఏ వీధిలో అడుగు పెట్టినను అక్కడి గుంపు తమ ఎల్ల దాటి వచ్చిన పరాయిదని దాని మీద బడును. కొన్ని కుక్కలు విడిచిన చోటనే రోజుల తరబడి నిలిచి, వచ్చిన ప్రతి బండినీ తమ యజమాని బండియని పరుగెత్తి చూచును. ఆ పరుగులోనే చక్రముల క్రింద పడునవి కలవు. బ్రతికినది ఆడకుక్కయై, శస్త్రచికిత్స జరగనిదైనచో, ఏడెనిమిది నెలలకే తల్లి కాగలదు. గర్భము సుమారు 63 దినములు. ఒక ఈతకు నాలుగైదు పిల్లలు. సంవత్సరమునకు రెండు ఈతలు. ఆ పిల్లలలో చాల భాగము ఏడాది నిండకమునుపే చచ్చును. మిగిలినవి వీధికుక్కలగును. మన దేశమున 2019 పశుగణనలో వీధికుక్కలు కోటిన్నరకు పైగా లెక్కకు వచ్చినవి. ఆ లెక్కలో మన ఇండ్ల వాకిళ్లనుండి వెడలినవెన్నియో ఏ గణనయు చెప్పదు.

ఇట్లు విడుచువారు క్రూరులని మేము తలపము. బదిలీ యగును, సొంత ఇల్లు విడిచి అద్దె వాటాలోనికి మారవలసి వచ్చును, ఇంట పసిబిడ్డ పుట్టును, ముసలివారికి ఉబ్బసమనియు, కుక్క బొచ్చు పనికిరాదనియు ఎవరో చెప్పుదురు. అపార్టుమెంటు సంఘమువారు అభ్యంతరము చెప్పిరని విడుచువారును పలువురు. పెంపుడు జంతువులను నిషేధించు అధికారము నివాసుల సంఘములకు లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శక సూత్రములలో తెలియజేసినది. ఈ సంగతి తెలియక కుక్కను వదలుకొన్నవారిని మేమెఱుగుదుము. 2020లో కరోనా భయము వ్యాపించినప్పుడు, జంతువులనుండి ఆ రోగము వచ్చునను వదంతి నమ్మి పెంపుడు కుక్కలను, పిల్లులను వీధిలో విడిచినవారుండిరి. విడువవలదని ఆ మండలియే ప్రకటన చేయవలసి వచ్చెను.

కాని ఉపాధ్యాయులముగా మా కంటబడు కారణము వేఱొకటి కలదు. అది పిల్లవాని ముచ్చట. పుట్టినరోజుకో, పరీక్షలలో మంచి మార్కులు వచ్చినందుకో, వేసవి సెలవులలో కాలక్షేపమునకో కుక్కపిల్లను తెత్తురు. ఏప్రిల్, మే నెలలందు దానికి ఇంటినిండ సేవకులే. జూన్‌లో బడి తెరచిన తరువాత ఉదయమున దానిని త్రిప్పుటకు ఎవ్వరికిని తీరిక యుండదు. పగలంతయు వాకిట కట్టివేయబడి అది మొఱుగును, చెప్పులు కొఱుకును. పొరుగువారు ఫిర్యాదు చేయుదురు. ఆగస్టు నాటికి అది ముచ్చట కాక బరువగును.

ఇచ్చట ఒక చిన్న లెక్క వేసి చూడుడు. కుక్క ఆయుస్సు సాధారణముగా పది మొదలు పదుమూడు సంవత్సరములు. మూడవ తరగతి చదువు ఎనిమిదేండ్ల బాలునికి తెచ్చియిచ్చిన కుక్కపిల్ల, వాడు కళాశాలలో పట్టము పుచ్చుకొను నాటికి ముసలిదై, కన్ను మసకై, మెట్లెక్కలేక ఇంటిలో పడియుండును. నడుమ పది, పండ్రెండవ తరగతుల పరీక్షలు గడచును. ఇల్లు ఒకటి రెండు మారులు మారును. పిల్లవాడు అడిగినది ఒక సాయంకాలపు ఆట. మనము ఒప్పుకొనుచున్నది పండ్రెండేండ్ల పోషణ. ఈ రెంటికి గల దూరము పిల్లవానికి తెలియదు. తెలియవలసినది మనకు.

ఏ జాతి కుక్కయను విషయమునను మనవారు పొరబడుచున్నారు. మంచుదేశములలో బండ్లు లాగుటకు పెంచిన హస్కీ కుక్కను చెన్నపట్టణపు మే నెల ఎండలో మూడవ అంతస్తు బాల్కనీలో కట్టివేయుట చూచుచున్నాము. దాని దట్టమైన రెండు పొరల బొచ్చు ఈ ఉక్కకు తగినది కాదు. చర్మరోగము వచ్చును, వైద్యపు ఖర్చు పెరుగును, తుదకు ఏ సముద్రతీరముననో విడుతురు. ఇక మన దేశపు జాతులలో రాజపాళయపు కుక్క ప్రసిద్ధము. విజయనగర కాలమునుండి దక్షిణమునకు వచ్చి స్థిరపడిన తెలుగు రాజులు నివసించు ఊరది. ఆ ఊరి పేరే కుక్కకు వచ్చినది. పాలవంటి తెలుపు, గులాబివన్నె ముక్కు, పొడవైన కాళ్లు. 2005లో భారత తపాలాశాఖ నాలుగు స్వదేశ జాతుల బిళ్లలు వెలువరించినప్పుడు ఇదియు వానిలో నొకటి. తమిళనాట నున్న తెలుగువారమైన మనకు ఈ కుక్క యనిన కొంత అభిమానముండుట సహజమే. అయినను అడవిపందుల వేటకు, తోటల కాపలాకు పెరిగిన ఈ పొడగరి ప్రాణిని రెండు గదుల వాటాలో ఉంచుట అభిమానము కాదు. ఆరుబయట పరుగెత్త వీలులేని ఇంటికి, వీధిలో పుట్టిన సామాన్యమైన నాటు కుక్కపిల్లయే మేలు. ఈ నేలకు, ఈ ఎండకు అది అలవాటు పడినది. వెల కూడ లేదు.

కుక్కలనే చెప్పుచున్నాము గాని, చిన్నపిల్లలకు మొదట చేతికి వచ్చు ప్రాణి తరచుగా రంగు కోడిపిల్ల. తిరునాళ్లలో, సంతలలో గులాబి, ఆకుపచ్చ రంగులు పూసిన కోడిపిల్లలను గంపలలో అమ్ముదురు. గ్రుడ్ల కొరకు కోళ్లను పెంచు చోట మగపిల్లలు పనికిరావు. అవియే రంగు పులుముకొని కొద్ది రూపాయలకు మన పిల్లల చేతికి వచ్చుచున్నవి. తల్లి రెక్కల వెచ్చదనము లేక వానిలో హెచ్చు భాగము కొన్ని దినములకే చచ్చును. పిల్ల ఏడ్చును. "ఏడవకు తల్లీ, ఇంకోటి కొనిపెడతా" అని మనము ఓదార్తుము. ఆ ఓదార్పు మాట ప్రేమతో అన్నదే. కాని ప్రాణి పోయినచో మఱియొకటి కొనవచ్చునను పాఠము పిల్లకు అక్కడనే అందుచున్నది. ఆ పాఠము నేర్చిన పిల్లకు కుక్కను విడుచుట వింతగా తోచదు.

మన సాహిత్యమున ఈ విషయమునకు గల స్థానము స్మరింపదగినది. నన్నయభట్టారకుని ఆంధ్రమహాభారతమున ఆదిపర్వ ప్రథమాశ్వాసములోనే, యజ్ఞము జరుగుచోటికి వచ్చిన కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టుటయు, దాని తల్లియైన సరమ వచ్చి రాజును నిలదీయుటయు గలదు. ఇంద్రుని సంపదను మించిన రాజు ఒక కుక్కకు సమాధానము చెప్పలేకపోయెను. భారతకథ తుదిని, తిక్కన రచించిన మహాప్రస్థానిక పర్వమున, ధర్మరాజును వెన్నంటి వచ్చినది మరల కుక్కయే. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పగా, నమ్మి వెంటవచ్చినదానిని విడిచి నాకు స్వర్గము వలదని ధర్మరాజు నిరాకరించెను. ఈ కథను మన పిల్లలు అయిదవ తరగతి నాటికి ఎఱుగుదురు. ఎఱిగిన పిల్లలకు, "కుక్క ఎక్కడికో పారిపోయింది" అని మనము చెప్పు మాట ఎంతవరకు నమ్మిక కలిగించునో మాకు సందేహమే.

వీధికుక్కల సమస్యను గూర్చి మన నగరమునకు ఒక చరిత్ర గలదు. చెన్నపట్టణ నగరపాలక సంస్థ పందొమ్మిదవ శతాబ్దినుండియు వీధికుక్కలను పట్టి చంపుచు వచ్చెను. శతాబ్దికి పైగా చంపినను కుక్కలు తగ్గలేదు. కారణము సులభము. చెత్తకుప్పలు, ఎంగిలి విస్తళ్లు ఉన్నంతకాలము ఒక గుంపును తొలగించిన చోటికి పొరుగు వీధి గుంపు వచ్చి చేరును. మిగిలిన ఆడకుక్కల పిల్లలకు తిండి సమృద్ధియై హెచ్చుగా బ్రతుకును. 1959లో కెప్టెన్ వి. సుందరం కుటుంబమువారు ఈ నగరమున బ్లూ క్రాస్ సంస్థను స్థాపించిరి. వరద నీటిలో కొట్టుకొనుచున్న రెండు కుక్కపిల్లలను ఆయన చేరదీయుట దానికి నాందియని చెప్పుదురు. 1964 నుండి ఆ సంస్థవారు చంపుటకు మారుగా శస్త్రచికిత్సతో సంతానమును నిరోధించి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడుచు పద్ధతిని ప్రచారము చేసిరి. నగరపాలక సంస్థ ఆ పద్ధతిని అంగీకరించుటకు 1996 దాక పట్టెను. 2001లో కేంద్ర ప్రభుత్వము దానినే దేశమంతటికిని నిబంధనలుగా చేసెను. 2023లో వాని స్థానమున క్రొత్త నిబంధనలు వచ్చినవి. చెవి అంచున చిన్న కత్తిరింపు గల కుక్క కనబడినచో దానికి ఆ చికిత్స జరిగినదని గుర్తు.

ఇంత పాటుపడి ఒక వీధిలోని కుక్కలన్నిటికి చికిత్స చేసిన పిమ్మట, ఆ వీధిలో ఎవరో ఒకరు చికిత్స లేని పెంపుడు ఆడకుక్కను విడిచినచో, రెండేండ్లలో కథ మొదటికి వచ్చును. నగరపాలకులను నిందించుటకు మనకు హక్కున్నది. చికిత్సలు చాలినన్ని జరుగుట లేదనుట సత్యమే. కాని ఈ ఒక్క ద్వారము మూయవలసినవారు మనమే.

తలిదండ్రులకు మిక్కిలి భయము గొలుపునది కుక్కకాటు. ఆ భయము అకారణము కాదు. రేబిస్ రోగ లక్షణములు పొడసూపిన తరువాత ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము. లక్షణములు సాధారణముగా ఒకటి మొదలు మూడు మాసములకు కనబడును. కొన్ని యెడల ఇంకను ఆలస్యము కావచ్చును. అందువలన గాయము మానినది గదాయని ఊరకుండరాదు. మేము ముఖ్యముగా చెప్పదలచినది మఱొకటి: పిల్లలు కాటును దాచుదురు. వీధికుక్కతో ఆడుకొన్నందుకు తిట్టుదురను భయముతో, పన్ను గీరిన గాయమును "గోడకు రాసుకుంది" అని చెప్పిన పిల్లలను మేము చూచితిమి. తిట్టని ఇంటి బిడ్డ నిజము చెప్పును; నిజము చెప్పిన బిడ్డ బ్రతుకును. కాటైనను, గోటి గీరుడైనను, పుండుపై నాకుడైనను, వెంటనే ధారగా పారు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, కాఫీపొడి వంటివి అద్దరాదు. ఆ దినమే ఆసుపత్రికి కొనిపోవలెను. టీకాను వైద్యుడు చెప్పిన తేదులలో అన్ని విడతలును పూర్తి చేయవలెను. గాయము లోతైనదైనచో టీకాతోపాటు గాయము చుట్టును వేయు వేఱొక మందు కూడ అవసరము. ప్రభుత్వ ఆసుపత్రులలో టీకా ఉచితము. కుక్కపిల్ల గదా, దానికి రోగమేమి యనుకొనుటయు పొరపాటే; ఆ రోగము పిల్లకును రావచ్చును.

ఇంట పెంచు కుక్కకు మూడవ నెలలో మొదటి రేబిస్ టీకా, అటుపిమ్మట పశువైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేట టీకా వేయించి, తగిన వయస్సున సంతాన నిరోధక చికిత్స చేయించినచో సగము చిక్కులు తీరును. చెన్నపట్టణమున పెంపుడు కుక్కకు లైసెన్సు తీసికొనవలెను. 2025లో దానికి మైక్రోచిప్పును కూడ తప్పనిసరి చేసిరి. బియ్యపు గింజంత ఆ వస్తువు కుక్క చర్మము క్రింద నుండును. దీపావళి రాత్రి బాణసంచా చప్పుడునకు బెదరి పారిపోయిన కుక్కలు ప్రతి సంవత్సరము పెక్కు. విడువకయే తప్పిపోయి వీధిపాలైన అట్టివానిని యజమానికి చేర్చుటకు అది యుపకరించును.

చట్టము సంగతి కొద్దిగా చెప్పెదము. నర్తకీమణి రుక్మిణీదేవి అరుండేల్ 1952లో రాజ్యసభ సభ్యురాలై జంతుహింసా నివారణకు బిల్లు ప్రవేశపెట్టెను. ఆమె కృషి ఫలించి 1960లో చట్టమైనది. 1962లో జంతు సంక్షేమ మండలి ఈ నగరముననే ఏర్పడగా ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆకలిదప్పులతో బాధపడునట్లు ప్రాణిని నిష్కారణముగా విడుచుట ఆ చట్టము పదునొకండవ విభాగము క్రింద నేరము. 1960లో మొదటి నేరమునకు వ్రాసిన జుల్మానా యాభై రూపాయలకు మించదు. ఆనాడు అది సొమ్మే. ఇప్పుడు అది కుక్కపిల్ల మెడపట్టీ వెల కూడ కాదు. కనుక చట్టభయముతో ఎవరో మానుదురని మేము ఆశింపము.

నిజముగా పెంచలేని స్థితి వచ్చినచో ఏమి చేయవలెను? మొట్టమొదట, పిల్లలతో దాచక చెప్పవలెను. పిమ్మట, క్రొత్త ఇంటిని వెదకుటకు ఒకటి రెండు నెలల గడువు ఉంచుకొనవలెను. ఇల్లు ఖాళీ చేయు నాటి ముందురోజు రాత్రి వెదకిన ఇల్లు దొరకదు. పశువైద్యుని అడుగుడు, బంధువులను అడుగుడు, మా పాఠశాల ప్రకటన పలకపై వ్రాయుడు. ఆశ్రయ కేంద్రములు కడపటి ఉపాయము. అవి యిప్పటికే గాయపడిన ప్రాణులతో క్రిక్కిరిసి యున్నవి, ఇంటి మంచము క్రింద పడుకొన్న కుక్కకు అచ్చటి బోను కఠినము.

మా ద్వారమువద్దకు వచ్చిన కుక్క మాట చెప్పి ముగింతుము. దానితో "కూర్చో" అన్న బాలుడు మఱునాడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చెను. దానిని ఇంటికి కొనిపోవలెనని వాని పట్టు. ఆమె కుక్క తల నిమిరి, కొంతసేపు నిలిచి, మాతో ఇట్లనెను: "మాది బదిలీల ఉద్యోగం మాస్టారూ. మూడేళ్లకోసారి ఊరు మారాలి. ఇప్పుడు వీడి ఏడుపు చూసి తీసుకెళ్తే, ఆనాడు మళ్లీ ఏదో గేటు దగ్గర వదలాల్సి వస్తుంది. అది నా వల్ల కాదండీ." బాలుడు ఏడ్చెను. ఆమె వానిని బుజ్జగింపలేదు, మఱియొకటి కొనిపెట్టెదననలేదు. రోజూ పెరుగన్నము మాత్రము ఒక ముద్ద అధికముగా పెట్టి పంపుచుండెను. మేము ఆ సంవత్సరము విన్న మాటలలో ఆ తల్లి నిరాకరణ మాకు మిక్కిలి గౌరవము కలిగించినది.

ఆగస్టులో సంఘము ఖర్చుతో కుక్కకు చికిత్స జరిపించి టీకా వేయించితిమి. 2025 నవంబరు 7వ తేదీన సుప్రీంకోర్టు, పాఠశాలలు, ఆసుపత్రులు, బస్ స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలనుండి వీధికుక్కలను తొలగించి ఆశ్రయ కేంద్రములకు తరలింపవలెననియు, వానిని మరల అచ్చట విడువరాదనియు ఉత్తరువు చేసెను. మేము కార్యవర్గ సమావేశమున ఏమి చేయుదుమాయని తర్జనభర్జనలు పడుచుండగా, మా కావలివాడు తలుపువద్ద నిలిచి, ఆ కుక్కను తన ఇంటికి కొనిపోవుదుననెను. అతని ఇల్లు ఒంటిగది. ముందు వేపచెట్టున్న చిన్న వాకిలి కలదు. లైసెన్సు అతని పేరనే తీసికొంటిమి. జనవరిలో మేము చూడబోయినప్పుడు అతని కుమార్తె "ఉక్కారు" అనగా కుక్క కూర్చుండెను. మాతో వచ్చిన నాలుగవ తరగతి బాలుడు తన వంతుగా "చెయ్యివ్వు" అనెను. అదియు మరువలేదు.